శనివారం మధ్యాహ్నంలోగా చావాలి

యుద్ధంలో చావడం మీరనుకున్నంత తేలిక కాదు. బతకడానికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏదో ఒకలా బతికేయొచ్చు. చావుకి మాత్రం అర్హత ఉండాలి, కారణం ఉండాలి, ఆ సమయానికి పక్కన అంపైరు ఉండాలి. వీటిలో ఏది తక్కువైనా మనిషి మళ్లీ లేచి, ఇసుక దులుపుకుని, డ్యూటీకి పోవాల్సిందే.

ఈ సంగతి డెల్మర్ హాగుడ్‌కి తెలిసొచ్చింది రెండో ప్రపంచ యుద్ధమప్పుడు, అమెరికాలోని మొహావే ఎడారిలో, పటాలం శిక్షణ శిబిరంలో. అంతకుముందు అతను కెంటకీ కొండల్లో పొగాకు పండించుకునే మనిషి. ఆఫ్రికా ఇసుకలో జర్మన్లతో కొట్లాడాలంటే ముందు మన ఇసుకలో మనతో మనం కొట్లాడి చూడాలని పైవాళ్లు తీర్మానించి, అతనిలాంటి వాళ్లని రైళ్ల కొద్దీ తెచ్చి కాలిఫోర్నియా ఎండలో కుమ్మరించారు. (మనవాళ్లు ఇక్కడ సాధన చేస్తుండగానే ఆఫ్రికాలో యుద్ధం అయిపోయింది. కబురు శిబిరానికీ వచ్చింది. కానీ యుద్ధం ఆగడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు గాని, శిక్షణ ఆగాలంటే ఉత్తర్వు రావాలి కదా. అది రాలేదు.)

పొద్దున్నే లేవగానే మొదటి పని బూట్లు తిరగేసి దులపడం. తేలు కింద పడితే అదృష్టం. పడకపోతే ఇంకా లోపలే ఉందని అర్థం. తర్వాత నీళ్లు. మనిషికి రోజుకొక సీసా. తాగినా అదే, మొహం కడిగినా అదే, గడ్డం గీసినా అదే. గడ్డం మాత్రం రోజూ నున్నగా ఉండాలి, అది నిబంధన. డెల్మరూ, అదే గుడారంలో ఉండే కొవాల్చిక్కూ కలిసి కాఫీతో గడ్డం గీసుకునేవాళ్లు. ఆ తర్వాత ఆ కాఫీని ఏం చేసేవాళ్లో చెప్పను, మీరు అన్నం తినే వేళ కావచ్చు.

"దాహం అనేది ఒట్టి దురలవాటురా!" అని సార్జెంట్ గ్రబ్ రోజూ వరసలో నిలబెట్టి పాఠం చెప్పేవాడు. "ఒంటికి గట్టిగా చెప్తే మానేస్తుంది. ఒంటెని చూసి నేర్చుకోండి!"

"చూద్దామంటే ఒంటె ఏది సార్?" అనేవాడు కొవాల్చిక్. చికాగోలో కసాయి దుకాణాల మధ్య పెరిగినవాడు, నోరు ఊరుకోదు.

"ఒంటెలు మంజూరు కాలేదు. అందుకే కదరా మిమ్మల్ని తెచ్చింది!"

ఎండ సంగతి చెప్పాలంటే, అక్కడి బల్లులు మా వాళ్ల నీడ కోసం కవాతులో కలిసి నడిచేవి. కొన్నాళ్లకి ఎడమ కుడి కూడా నేర్చుకున్నాయి. వెనక వరసలో ఓ ముసలి బల్లి డెల్మర్ కన్నా శుద్ధంగా మలుపు తిరుగుతోందని సార్జెంట్ గ్రబ్ నలుగురిలో మెచ్చుకున్నాడు. డెల్మర్ నొచ్చుకున్నాడు గాని, మర్నాడు తనూ చూశాడు. నిజమే, బల్లి బాగా తిరుగుతోంది.

ఇక ఉత్తుత్తి యుద్ధం. సగంమంది నీలం సైన్యం, సగంమంది ఎర్ర సైన్యం. అసలు ట్యాంకులు చాల్లేదు కాబట్టి కూరగాయల ట్రక్కుకి 'ఇది ట్యాంకు' అని బోర్డు కట్టారు. విమానాలు బాంబుల బదులు పిండి సంచులు వేసేవి. ఇసుకలో తెల్ల రిబ్బను పరిచి నది అన్నారు. ఆ నదిని వంతెన లేకుండా దాటకూడదు. కొవాల్చిక్ ఏదో పరధ్యానంలో రిబ్బను దాటేసరికి, చేతికి తెల్ల పట్టీ కట్టుకున్న అంపైరు ఈల ఊది, "నువ్వు మునిగిపోయావు" అన్నాడు. చుట్టుపక్కల ఎక్కడా గుక్కెడు నీళ్లు లేని చోట నీళ్లలో పడి చచ్చిన మొదటి సిపాయి అతనే. దాని గురించి అతను చాలా గొప్పగా చెప్పుకునేవాడు.

చచ్చినవాడి బొత్తానికి ఒక చీటీ కట్టి, ముందుగా ట్రక్కు నీడలో పడుకోబెట్టేవాళ్లు. ఇక్కడే పైవాళ్లు ఒక పొరపాటు చేశారు. బతికున్నవాడు ఎన్ని నీళ్లు తాగాలో రాశారు గాని, చచ్చినవాడు ఎన్ని తాగాలో రాయడం మరిచిపోయారు. నీడ, పడక, అడిగినన్ని నీళ్లు! ఈ మాట శిబిరంలో పాకగానే యుద్ధం మొదలైన కాసేపటికే రెండు సైన్యాలూ సమూలంగా నాశనమయ్యాయి. ఎర్ర సైన్యపు దళం ఒకటి తుపాకీ పేలకముందే, కేవలం అనుమానంతో చచ్చింది. చివరికి రణరంగంలో అంపైర్లు మాత్రం మిగిలి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

దాంతో పైవాళ్లు చావుల నియంత్రణ విభాగం పెట్టి, దానికి పెద్ద అంపైరుగా కెప్టెన్ పెండర్‌గాస్ట్‌ని వేశారు. యుద్ధానికి ముందు ఆయన ఓ బీమా కంపెనీలో చావు దరఖాస్తులు పరిశీలించే అధికారి. ఆయన గదిలోకి ఏడుస్తూ వెళ్లిన ఏ వితంతువూ నవ్వుతూ బయటికి రాలేదని పేరు. ఆయన వచ్చీ రాగానే ముందు శవాలకి నీళ్లు ఆపేశాడు. ("దాహం వేసిందంటే ప్రాణం ఉన్నట్టే కదా" అన్నాడు. కాదని ఎవరు అనగలరు?) తర్వాత చావులన్నీ తనే స్వయంగా చూసి మంజూరు చేస్తానన్నాడు. ఆ రోజు నుంచి మా శిబిరంలో ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది.

సరిగ్గా అప్పుడు డెల్మర్‌కి తంతి వచ్చింది. అతని పెళ్లాం లూరీన్ కెంటకీ నుంచి లాస్ ఏంజెల్స్ వెళ్తోంది, విమానాల ఫ్యాక్టరీలో రెక్కలకి మేకులు బిగించే పనికి. శనివారం మధ్యాహ్నం ఆమె రైలు శిబిరం పక్క స్టేషన్లో ఇంజనుకి నీళ్లు పట్టుకోవడానికి ఆగుతుంది. 'అక్కడుండు. సాకులు చెప్పకు' అని ఆ తంతి. పెళ్లయిన వారానికే పటాలం పిలుపొచ్చి విడిపోయారు పాపం. ఆమె మొహం గుర్తు తెచ్చుకుందామంటే డెల్మర్‌కి ఈ మధ్య సార్జెంట్ గ్రబ్ మొహమే అడ్డొస్తోంది.

సెలవు చీటీ కోసం వెళ్తే గ్రబ్ తలెత్తలేదు. "యుద్ధం జరుగుతుంటే సెలవేంట్రా?"

"ఉత్తుత్తి యుద్ధమే కదా సార్?"

"ఉత్తుత్తిదే. అందుకే సెలవు నిజంగా లేదు. చీటీ లేకుండా స్టేషన్ ఛాయల కనిపించావో, పారిపోయిన సిపాయి కింద లెక్కకట్టి జైల్లో తోస్తా."

గుడారానికొచ్చి కూలబడ్డ డెల్మర్‌ని చూసి కొవాల్చిక్ నవ్వాడు. "ఒరేయ్ పిచ్చి మొహమా, స్టేషన్‌కి వెళ్లాలంటే చీటీ ఎందుకురా? చస్తే చాలు!"

"చస్తే?"

"నేను మునిగిన రోజు నన్నెక్కడికి తీసుకెళ్లారనుకున్నావు? సమాధుల దళం వాళ్లకీ సాధన కావాలి కదా. శవాల్ని ట్రక్కులో వేసి, స్టేషన్ పట్టాల పక్కన వరసగా పడుకోబెట్టి, చీటీలు చదువుకుని, పొద్దుగూకేవేళకి లేపి పంపేస్తారు. శనివారం పొద్దున చచ్చావంటే మధ్యాహ్నానికి మీ ఆవిడ కాళ్ల దగ్గరుంటావు."

"ఆ పెండర్‌గాస్ట్ చావనిస్తాడా?"

"మంచిగా అడుగు. ఏడవకు. ఏడ్చేవాళ్లంటే ఆయనకి అలవాటైపోయింది."

శనివారం తెల్లారింది. కొవాల్చిక్ పొద్దున్నే రిబ్బను దాకా షికారుగా వెళ్లి, కాలు జారి, నీట మునిగి చచ్చాడు. జారుడు ఎంత సహజంగా ఉందంటే కెప్టెన్ పెండర్‌గాస్ట్ కూడా ఇసుక తడిగా ఉందేమో అని తొక్కి చూశాడు. డెల్మర్ వెనకాలే పరిగెత్తాడు గాని, అతను చేరేలోపు ఓ ట్రక్కు వచ్చి రిబ్బనుకి అడ్డంగా నిలబడింది. దాని మీద 'ఇది వంతెన' అని బోర్డుంది. ఇక ఆ నదిలో మునగడం కుదరదు.

సరే అని డెల్మర్ ఇసుక దిబ్బ ఎక్కి, ఎర్ర సైన్యపు మరతుపాకికి ఎదురుగా చేతులు చాపి నిలబడ్డాడు. అవతలివాళ్లు ఉత్తుత్తి తూటాలు దండిగా పేల్చారు. డెల్మర్ దబ్బున పడ్డాడు. పెండర్‌గాస్ట్ నింపాదిగా నడిచొచ్చి గొడుగు మూశాడు.

"సిపాయి గారూ, తమరు కావాలని ఎదురెళ్లారు. అది ఆత్మహత్య కింద వస్తుంది. ఆత్మహత్యకి ఇక్కడ చావు వర్తించదు. లేవండి."

"తూటాలు తగిలాయి సార్! గుండెలో!"

"తగిలాయి. కాదనను. కానీ చెల్లవు."

డెల్మర్ లేచాడు. అన్ని తూటాలు తగిలినా లేచొచ్చినవాణ్ణి చూసి ఎర్ర సైన్యంవాళ్లు నియమాల పుస్తకం తిరగేశారు. ఇలాంటి శత్రువు ఎదురైతే ఏం చెయ్యాలో అందులో లేదు. కాసేపు గొణుక్కుని చేతులెత్తేశారు. డెల్మర్ ఒంటిచేత్తో దిబ్బ గెలిచాడని నీలం సైన్యం జేజేలు కొట్టింది. సార్జెంట్ గ్రబ్ పరిగెత్తుకొచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని, "ఒరేయ్, నీలో ఇంతుందని తెలీదురా! పద, అవతలి దిబ్బ కూడా గెలుద్దాం" అన్నాడు.

అవతలి దిబ్బ మీద మందుపాతర తొక్కాడు. "మందుపాతర మన సైన్యానిదే. అది మీకు ముందే తెలిసుండాలి. తెలిసి తొక్కారంటే ఆత్మహత్య, తెలియక తొక్కారంటే అజాగ్రత్త. రెండూ చెల్లవు" అన్నాడు పెండర్‌గాస్ట్. ఆ దిబ్బా మనదైంది. ఎండదెబ్బ తగిలిందని పడిపోయి చూశాడు. "ఈ జబ్బు శిబిరానికి రాకముందు నుంచీ ఉందా?" అని అడిగాడు కెప్టెన్. కెంటకీలో ఎండ ఉండేదని డెల్మర్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. పాత జబ్బు కూడా చెల్లదట.

సూర్యుడు నడినెత్తికొస్తున్నాడు. అవతల సమాధుల దళం ట్రక్కు అప్పుడే ఇంజను వేడి చేసుకుంటోంది. డెల్మర్ ఆఖరికి సిగ్గు వదిలేసి కెప్టెన్ గొడుగు కిందకి వెళ్లాడు.

"సార్, నా పెళ్లాం ఇవాళ రైల్లో వస్తోంది. ఒక్క చావు ఇప్పించండి సార్. చిన్నదైనా పర్లేదు."

పెండర్‌గాస్ట్ మొహంలో జాలి లాంటిదేదో కదిలింది, బయటికి రాలేదు. "చావు వల్ల తమరికి లాభం ఉందన్నమాట. ఇది ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. లాభం ఉన్నవాడి చావుని రెట్టింపు అనుమానంతో చూడాలి. వెళ్లి పని చూసుకోండి."

డెల్మర్‌కి ఇక ఒంట్లో ఓపిక లేదు. 'ఇది ట్యాంకు' అని రాసున్న ట్రక్కు చక్రానికి చేరగిలబడి, మాంసం డబ్బా తెరిచి, చెంచాతో పైనున్న ఇసుక తీసి, కింద ఉన్న ఇసుక తినడం మొదలుపెట్టాడు. లూరీన్ రైలు దిగి అటూ ఇటూ చూస్తుంది. కాసేపు చూస్తుంది. తర్వాత ఎక్కేస్తుంది. ఆ ఊహతో చెంచా నోట్లోనే ఉండిపోయింది. చావాలన్న కోరికే చచ్చిపోయింది.

అప్పుడు నీలం సైన్యపు విమానమొకటి, అంటే మన విమానమే, శత్రువు కోసం వెతికి వెతికి విసిగిపోయి, కింద కనిపించినవాడి మీద పిండి సంచి జారవిడిచింది. అది సూటిగా డెల్మర్ నడినెత్తిన పడి పగిలింది. పొగ లాంటి పిండి మేఘం లేచింది. అది తగ్గేసరికి డబ్బా, చెంచా, మనిషి అన్నీ తెల్లగా అయిపోయాయి. చెంచా ఇంకా నోట్లోనే ఉంది.

పెండర్‌గాస్ట్ మెల్లిగా దగ్గరికొచ్చాడు. ఒకసారి చుట్టూ తిరిగాడు. మోకాళ్ల మీద కూచుని చెంచా వంక చూశాడు. 

"కోరుకోలేదు. ఎదురెళ్లలేదు. అజాగ్రత్త లేదు. భోజనం చేస్తున్నాడు, పైగా వేసింది మనవాళ్లే. నా ఉద్యోగ జీవితంలో ఇంత నిఖార్సైన చావు చూడలేదు." తన చేత్తోనే బొత్తానికి చీటీ కట్టాడు. "అభినందనలు, సిపాయి గారూ."

డెల్మర్ థాంక్స్ చెప్పబోయాడు. కెప్టెన్ వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. చచ్చినవాళ్లు మాట్లాడరు.

ట్రక్కు దొరికింది. స్టేషన్లో శవాల్ని పట్టాల పక్కన వరసగా పరిచి, గొంతు దాకా కంబళ్లు కప్పారు. డెల్మర్ పక్కనే కొవాల్చిక్. పెదవులు కదలకుండా గొణిగాడు: "ఒరేయ్, పెద్ద చిక్కొచ్చింది. తనిఖీకి కల్నల్ వచ్చాడు. కదిలినా, మాట్లాడినా బతికున్నట్టే. బతికున్నావంటే సెలవు చీటీ లేకుండా స్టేషన్లో ఉన్నట్టే. ఇక జైలే."

"మరి లూరీన్‌తో మాట్లాడ్డం?"

"చచ్చినోడివి నువ్వేం మాట్లాడతావురా? విను."

రైలొచ్చింది. ఇంజను తొట్టిలోంచి గబగబా నీళ్లు తాగుతున్న చప్పుడు వింటూ శవాలన్నీ గుటకలు మింగాయి. (దాన్ని కల్నల్ చూడలేదు, మన అదృష్టం.) అంతలో చెప్పుల టకటకలు.

"బాబూ, మా ఆయన కోసం వచ్చాను. డెల్మర్ హాగుడ్ అని..."

సమాధుల దళం కుర్రాడు చీటీలు చూసి, వినయంగా టోపీ తీశాడు. "పోయారమ్మా."

ఒక్క క్షణం ఇంజను కూడా నీళ్లు తాగడం మానేసినట్టయింది.

"కంగారు పడకండమ్మా," అన్నాడు కుర్రాడు. "పొద్దుగూకేదాకానే. ఇవాళ కూరగాయల కూర ఉంది, దానికి లేచొస్తారు. చివర్నించి రెండోవారు, పిండి పట్టినాయన."

లూరీన్ వచ్చి పక్కన చతికిలబడింది. డెల్మర్ కళ్లు మూసుకునే ఉన్నాడు. కళ్లు తెరిచినా బతికున్నట్టే కదా. సబ్బు వాసనొచ్చింది. అలాంటి వాసన ఒకటుందనే అతను మరిచిపోయాడు.

"బావుంది వరస," అంది ఆమె. "పెళ్లి రోజు రాత్రీ ఇలాగే పడి నిద్రపోయావు. అప్పుడు కనీసం గురక పెట్టావు."

పక్క శవం కిసుక్కుమంది. కంబళి ఎగిరింది. దూరంగా కల్నల్ బూట్ల చప్పుడు దగ్గరవుతోంది, ఆయన వెంట పెండర్‌గాస్ట్ గొడుగు.

లూరీన్ పటాలంలో పని చెయ్యలేదు గాని, డెల్మర్ కన్నా తొందరగా అర్థం చేసుకుంది. గొంతు తగ్గించింది. "సరే, నోరు విప్పకు. ఆవుని మీ అక్కకి అప్పజెప్పాను. దాన్ని చూసి ఏడ్చాను, మీ అక్కని చూసి కాదు. రెక్కలకి మేకులు కొట్టే పని అంట, రోజంతా నిలబడాలి. నీకు కోపమా? కోపం లేకపోతే ఊరుకో." డెల్మర్ ఊరుకున్నాడు. "మంచిది. నీతో ఇంత సుఖంగా ఎప్పుడూ మాట్లాడలేదు." మరింత కిందికి వంగి, ఇంకా మెల్లిగా అంది: "ఇలా పడుకోవడం ఇక్కడే నేర్చుకుని వదిలెయ్. అక్కడికెళ్లి చెయ్యకు. వింటున్నావా?"

పిండి పూసిన చెంప మీద సన్నటి గీత ఒకటి జారింది.

బూట్లు ఆగాయి. "కెప్టెన్," అన్నాడు కల్నల్, "ఈ శవం ఏడుస్తోందా?"

పెండర్‌గాస్ట్ వంగి చూశాడు. ఒక వేపు నిబంధన, మరో వేపు తన జీవితంలోకెల్లా నిఖార్సైన చావు. నిటారుగా నిలబడ్డాడు.

"చెమట, సార్. ఈ ఎండకి శవాలకి కూడా పడుతుంది. పైగా ఈ చావుని నేనే మంజూరు చేశాను. ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మా విభాగంలో లేదు."

రైలు కూత వేసింది. లూరీన్ లేచింది, మళ్లీ వంగింది, అందరూ చూస్తుండగా డెల్మర్ నోటి మీద గట్టిగా ముద్దు పెట్టింది. డెల్మర్ కదల్లేదు. కంబళి కింద కాలివేళ్లు మాత్రం పదీ పది దిక్కులకి విచ్చుకున్నాయి. కిటికీలోంచి చెయ్యూపుతున్న ఆమె మూతి ముక్కు దాకా తెల్లగా ఉంది. ఆ సంగతి డెల్మర్‌కి కొవాల్చిక్కే వర్ణించి చెప్పాడు, తను చూడలేదు కాబట్టి.

కల్నల్ ఇదంతా పక్కనే నిలబడి చూశాడు. కట్టుకున్న భార్య వచ్చి ముద్దు పెట్టినా చలించని సిపాయిని ఆయన ఇంతవరకు ఏ శిబిరంలోనూ చూడలేదు. ఆ రాత్రే పైకి నివేదిక పంపాడు. చావడంలో ఈ దళం చూపిన క్రమశిక్షణ అపూర్వం కాబట్టి వీళ్ల శిక్షణ ముగిసినట్టే, వెంటనే అసలు యుద్ధానికి ఓడ ఎక్కించవచ్చని రాశాడు. బతకడం మీద కూడా ఒక పాఠం ఉండేది గాని, సమయం చాలనందువల్ల దాన్ని అక్కడికి వెళ్లాక ఎవరికి వాళ్లు నేర్చుకోవాలని చివర్న చిన్న అక్షరాలతో చేర్చాడు.